స్వర్ణముఖి నిధుల పంపకానికి తలల లెక్క చాలదు

గౌరవనీయ సంపాదకులకు,

నమస్కారం. స్వర్ణముఖి నదిని బాగుచేయాలన్న మాట ఎన్నికలప్పుడూ వరదలప్పుడూ వినబడుతుంది. అందుకు వచ్చే డబ్బులో ఏ ఊరికి ఎంత దక్కాలన్న చర్చ మాత్రం జరగడం లేదు.

చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా బంగాళాఖాతం చేరే ఈ ఏరు జీవనది కాదు. వానలు వెనకబట్టాక మిగిలేది ఇసుక, దాని మీద పారేది ఊళ్ల మురుగు. గోదావరిలో పడిన మురుగు కొంతైనా పలచబడుతుంది, ఇక్కడ ఆ అవకాశమే లేదు. మా రేవులోకి దిగితే కంపచెట్ల మొదళ్లకు పాలకవర్లు చుట్టుకొని, వాటి సందుల్లో నల్లటి నీరు సన్నగా సాగుతూ కనిపిస్తుంది. అక్కడే చెలమ తీసుకొని తాగిన పెద్దలు ఇంకా ఊళ్లో ఉన్నారు.

జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళిక కింద ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. అయితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన 351 కలుషిత నదీభాగాల్లో మన రాష్ట్రం నుంచి గోదావరి, కృష్ణ, తుంగభద్ర, కుందు, నాగావళి ఉన్నాయే గాని స్వర్ణముఖి లేదు. ఆ డబ్బు మీద ఆశ లేకపోతే ఇక పంచాయతీలకు దిక్కు కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంట్లే. 15వ ఆర్థిక సంఘం ఆ గ్రాంట్లను రాష్ట్రాలకు పంచడంలో జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యమిచ్చింది. పంచాయతీల దాకా వచ్చేసరికీ జనాభాయే ముఖ్యం. అందువల్ల రెండు వేల మంది ఉండి, మూడు కిలోమీటర్ల ఏటి గట్టును మోస్తున్న ఊరికీ, అంతే జనం ఉండి ఏటి మొహమే చూడని ఊరికీ దాదాపు ఒకే మొత్తం వస్తుంది.

ఎగువనున్న తిరుపతికి తగ్గించమని నేననడం లేదు. జనాభా లెక్కల్లోకి రాని యాత్రికుల మురుగును కూడా ఆ నగరమే మోయాలి కాబట్టి, కాలువలు ఏట్లో పడే చోటనే శుద్ధికి ముందుగా ఖర్చు పెట్టడం సబబే. కాని దిగువను వదిలేస్తే పని సగంలో ఆగుతుంది, ఎగువను వదిలేస్తే దిగువ చేసిందంతా వృథా. రెండేళ్ల కిందట మా ఊళ్లో తలా కొంత వేసుకొని జేసీబీతో రేవు శుభ్రం చేయించుకున్నాం. తొలి వానకే పైనుంచి కొట్టుకొచ్చిన చెత్త దాన్ని మళ్లీ నింపేసింది. ఆ డబ్బు ఇచ్చినవారిలో కూలికి వెళ్లేవాళ్లే ఎక్కువ.

కాళహస్తి గుడి కట్టిన కూలీలకు ఇచ్చిన ఏటి ఇసుక ఎవరి కష్టానికి తగ్గట్టు వారి చేతిలో బంగారమైందని మా వైపు చెప్పుకుంటారు. కథే కావచ్చు, కొలమానం మాత్రం మనం వాడుతున్నదాని కన్నా మెరుగ్గా ఉంది.

ఏటి పొడవును, అందులో పడే మురుగు కాలువల సంఖ్యను, ఎగువ నుంచి వచ్చే భారాన్ని కూడా కొలతలుగా చేర్చి, నది మొత్తానికి ఒకే ఖాతా నడపాలని, ఏ భాగంలో ఎంత ఖర్చయిందో పంచాయతీ కార్యాలయాల గోడల మీద రాయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అంతకన్నా ముందు, ఈ వానాకాలంలోపే, ఏ పంచాయతీ హద్దులో ఎన్ని కాలువలు ఏట్లో కలుస్తున్నాయో జిల్లా యంత్రాంగం లెక్క తీయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఏర్పేడు మండలం, తిరుపతి జిల్లా