హేవలాక్ వంతెన నమూనా గురించి ఒక విన్నపం

సంపాదకులకు,

ఆర్యా,

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1900లో ప్రారంభమై, 1997లో సేవలు ముగించిన హేవలాక్ రైలు వంతెనను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దాలన్న ప్రతిపాదనలను పత్రికల్లో చాలాకాలంగా చదువుతున్నాను. 2027లో పుష్కరాలు రానున్నందున, ఆ వంతెనను ఇంట్లోని ఒక గదిలో నమూనాగా కట్టి, విప్పి, మళ్లీ కట్టిన అనుభవంతో ఒక విన్నపం చేయదలచాను. నేను గణితం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. రైల్వేలో ఎన్నడూ పనిచేయలేదు. చిన్నతనంలో కొవ్వూరు వెళ్లేటప్పుడు అమ్మ చేతిలో పెట్టిన పైసను కిటికీలోంచి గోదావరిలో వేసి దణ్ణం పెట్టుకోవడం, వంతెన మీద బండి మోత మారగానే స్పాన్లు, అంటే రెండేసి స్తంభాల మధ్య ఉండే వంతెన భాగాలు, లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో తప్పిపోవడం, ఇవే ఆ వంతెనతో నాకున్న అనుబంధం.

నమూనా రైళ్లలో ఎక్కువగా వాడుకలో ఉన్న కొలత హెచ్‌ఓ, అంటే అసలు వస్తువులో 87వ వంతు. హేవలాక్ వంతెనకు ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 స్పాన్లు ఉన్నాయి. మొత్తం పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. 87తో భాగిస్తే ఒక స్పాన్ 52.5 సెంటీమీటర్లు, వంతెన మొత్తం 31 మీటర్లు వస్తుంది. నాకున్న గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు.

మొదట చాలామంది చేసినట్టే, ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న ఒకే ప్లైవుడ్ పలక మీద చుట్టూ తిరిగే పట్టాలు వేశాను. పలక చదునుగా ఉంటుంది కాబట్టి, దాని మీద వంతెన కట్టాలంటే బండిని పైకి ఎక్కించక తప్పదు. పది సెంటీమీటర్ల ఎత్తుకు చేరడానికి నాకు దొరికిన దూరం రెండే మీటర్లు, అంటే ఇరవైకి ఒకటి వాలు. అసలు రైలు మార్గాల్లో నూటికి ఒకటి వాలు ఉన్నా ఇంజను మీద గట్టి భారమే. అయిదు పెట్టెలు తగిలించేసరికి నా ఇంజను చక్రాలు ఉన్నచోటనే తిరగసాగాయి. మలుపుల వ్యాసార్ధం 45 సెంటీమీటర్లే కావడంతో 24 సెంటీమీటర్లకు పైబడిన పెట్టెలు మూలల్లో ఒకదాన్నొకటి ఒరుసుకొని పట్టాలు తప్పేవి, అలా తప్పిన పెట్టె అవతలి మూలలో ఉంటే అక్కడికి నా చెయ్యి అందేది కాదు. కరెంటు తీగలు రెంటినీ పట్టాలకు ఒకే ఒక్క చోట తగిలించడం వల్ల, అతుకు అతుకుకూ కొంత విద్యుత్తు తగ్గి, దూరపు కొసకు చేరేసరికి బండి నీరసించేది. రెండేళ్లపాటు వీటిని ఒక్కొక్కటిగా సరిచేస్తూ పోయాను గాని, లోపమంతా ఆ చదును పలకలోనే ఉందని గ్రహించడానికి అంతకాలం పట్టింది.

రైలును పైకి ఎత్తనక్కరలేదు, నదిని కిందికి దించాలి. ఈ ఒక్క ఆలోచనతో పలకను పూర్తిగా విప్పేసి, నాలుగు గోడల వెంట 45 సెంటీమీటర్ల వెడల్పున, ఛాతీ ఎత్తులో చెక్క చట్రాలు బిగించి, తలుపు దగ్గర మాత్రం తీసి పక్కన పెట్టుకోగల ముక్కను అమర్చాను. వంతెన వచ్చే పొడవాటి గోడ దగ్గర చట్రాన్ని 15 సెంటీమీటర్లు కిందికి దించాను. ఇప్పుడు పట్టాలు మొదటినుంచి చివరిదాకా ఒకే మట్టంలో సాగుతాయి, గోదావరి వాటి కింద ఉంటుంది. మలుపుల వ్యాసార్ధం 75 సెంటీమీటర్లకు పెంచాను. రెండు కొసల మలుపులు, మధ్యలో అయిదు స్పాన్లు కలిపితే 4.13 మీటర్లు, గోడకూ పట్టాలకూ మధ్య చెరోవైపు ఏడు సెంటీమీటర్లు మిగిలింది. 56 స్పాన్లకు బదులు అయిదే కట్టాను గాని, స్పాన్ కొలతను మాత్రం తగ్గించలేదు, ఎందుకంటే ఒక స్పాన్ మీద రెండు పెట్టెలు నిలిచి మూడో పెట్టె కొస తొంగిచూసే ఆ నిష్పత్తి చెడితే, ఎన్ని రంగులు పూసినా అది హేవలాక్ కాదు. ఒక విషయంలో రాజీపడక తప్పలేదు. మన బ్రాడ్ గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, దానిలో 87వ వంతు 19.3 మిల్లీమీటర్లు, బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, అది విదేశీ స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయేది. దగ్గరగా చూస్తే మన పెట్టెల కింద పట్టాలు ఇరుకుగా కనిపిస్తాయి.

ఈ పని మొదలుపెట్టాలనుకునే పిల్లల కోసం ఇంకో రెండు మూడు మాటలు. ప్రతి మీటరు పట్టాకూ వేరుగా తీగ కలపాలి. పట్టాల అతుకుల దగ్గర పోస్టుకార్డు మందమంత సందు వదలకపోతే మే నెల ఎండకు అవి వంకరపోతాయి. గోదావరి ఇసుకను ఒడ్డుల మీద పరిచే ముందు దాని మీద అయస్కాంతం తిప్పి నల్లటి ఇనుప రజను తీసేయాలి, లేకపోతే అది ఇంజను మోటారులోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. నదికి మొదట నీలం రంగు వేసి చాలా కాలం అలాగే ఉంచాను; శ్రావణంలో గట్టు మీద నిలబడి వరద నీటిని చూసి వచ్చిన రోజున దాన్ని చెరిపేసి ఎర్రమట్టి రంగు వేశాను.

అన్నిటికన్నా కష్టమైనది కొలతలు సంపాదించడం. స్తంభాల ఎత్తు, వాటి రాతి వరుసలు, గర్డర్ల (ఇనుప దూలాల) లోతు, గోదావరి స్టేషన్ పాత కట్టడం, ఇవేవీ అడిగిన చోట దొరకలేదు. చివరికి పాత ఫొటోల్లో వంతెన మీదున్న పెట్టె పొడవునే కొలబద్దగా పెట్టుకొని మిగిలినవన్నీ లెక్కగట్టాను. వంతెన ఇంకా మన కళ్లెదుట నిలిచి ఉండగా దాన్ని ఫొటోలు చూసి ఊహించవలసి రావడం నాకు బాధ కలిగించింది.

అందుచేత నా విన్నపం ఇది. పాత వంతెనకు మార్పులు చేపట్టే ముందు దాని మూల పటాలనూ, కొత్తగా తీసిన కొలతలనూ అందరికీ అందుబాటులో ఉంచాలి. పర్యాటక కేంద్రంలో ఒక హాలును, కదిలే రైళ్లతో కూడిన వంతెనల నమూనాకు కేటాయించాలి. 160వ వంతుగా ఉండే ఎన్ స్కేలులో కడితే, 56 స్పాన్లలో ఒక్కటి కూడా వదలకుండా హేవలాక్ వంతెన మొత్తం 17 మీటర్లలో ఇమిడిపోతుంది. దాని పక్కనే 1974 నాటి రోడ్డు-రైలు వంతెననూ, 97.5 మీటర్ల చొప్పున 28 కమానులున్న 1997 నాటి వంతెననూ నిలబెట్టవచ్చు. ఆ కమాను హెచ్‌ఓలో ఒక్కటే 112 సెంటీమీటర్లు వస్తుంది కాబట్టి ఇంట్లో కట్టడం నాబోటివాళ్లకు సాధ్యం కాదు. పుణెలోని కోత్రూడ్‌లో 1998 నుంచి జోషి మినియేచర్ రైల్వే మ్యూజియం నడుస్తోంది. మూడు తరాల వంతెనలు వరుసగా ఉన్న మన ఊళ్లో అలాంటిది ఎందుకు ఉండకూడదు? కట్టే పనిని పాలిటెక్నిక్ విద్యార్థులకు అప్పగించి, మొదటిసారి కట్టినదాన్ని విప్పి సరిచేసుకోవడానికి వారికి తగిన వ్యవధి ఇవ్వాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. స్తంభాల కోసం నేను చేసుకున్న చెక్క అచ్చులు, లెక్కల పుస్తకాలు రెండు ఉన్నాయి. ఎవరు ఈ పనికి పూనుకున్నా వాటిని తెచ్చి ఇస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం