నూరు దిర్హాంలు తక్కువైనందుకు ఇంటికొచ్చేశాం

సంపాదకులు గారికి నమస్కారం.

మా ఆయన షార్జాలో ఒక గోడౌన్‌లో స్టోర్‌కీపర్. జీతం 3,000 దిర్హాంలు, ఉండటానికి ఇల్లు కంపెనీదే. ఆ లెక్కమీదే నాకూ పాపకూ రెండేళ్ల ఫ్యామిలీ వీసా వచ్చింది. యూఏఈలో 2019 నుంచి ఏ పని చేస్తున్నారని కాకుండా జీతం చూసి ఇస్తున్నారు, నెలకు 4,000 దిర్హాంలైనా ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లైనా ఉండాలి.

పోయినేడు కంపెనీవాళ్లు ఇల్లు వెనక్కి తీసుకుని, అద్దెకని 900 కలిపి జీతం 3,900 చేశారు. జీతం పెరిగిందని మేం సంతోషపడ్డాం, కడపలో మా అత్తకు ఫోన్ చేసి కూడా చెప్పాం. తీరా రెన్యూవల్‌కు పోతే వీసా అర్జీలు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌లో మనిషి మా ఆయన కాంట్రాక్టు చూసి, ఇల్లు లేదు, నాలుగు వేలూ లేవు, కుదరదమ్మా అన్నాడు. ఓవర్‌టైంతో కలిపి నెలనెలా నాలుగు వేలు దాటుతాయండీ అని మా ఆయన ఎంత చెప్పినా, కాంట్రాక్టులో రాసిందే లెక్క అన్నాడు. నూరు దిర్హాంలు, మన డబ్బులో రెండు వేల చిల్లర, అంతే తక్కువ.

వీసా అయిపోయాక ఇచ్చే గడువు కూడా దాటితే మనిషికి రోజుకు 50 దిర్హాంల ఫైన్. ఆ టెన్షన్ పడలేక పాపను బడి మధ్యలో మాన్పించి వచ్చేశాం. ఇక్కడ సగం ఏడాదిలో చేర్చుకోమని ఎన్ని బళ్ల చుట్టూ తిరిగానో నాకే తెలుసు. పాపకు అక్కడ అరబిక్ అక్షరాలు వచ్చాయి, తెలుగు ఇంకా కూడబలుక్కుంటోంది.

ఒకసారి వీసా కొట్టారంటే తర్వాత డబ్బు కట్టి పొడిగించుకోవడమేనని ఏజెంట్లూ చెప్తారు, చుట్టాలూ చెప్తారు. మేమూ నమ్మాం. రెన్యూవల్‌కు మళ్లీ మొదటి నుంచి జీతం చూస్తారని ముందే తెలిసుంటే, ఇల్లు తీసేసిన రోజే ఆ నూరూ కలిపి రాయమని మా ఆయన బతిమాలుకునేవాడు. రాయచోటి, రాజంపేట వైపు ఎక్కువమంది కువైట్ పోతారు, అక్కడైతే 2024లో ఫ్యామిలీ వీసాకు 800 దినార్ల జీతం అన్నారు. ఇళ్లలో పనికి, డ్రైవింగ్‌కు పోయినవాళ్లకు అంత ఎక్కడొస్తుంది!

విదేశాల్లో ఉండే మనవాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీ ఎన్నార్టీ సొసైటీకి ఫోన్ నంబరు ఉంది, నిజమే. కానీ ఇది సమస్య అవుతుందనే తెలియనివాళ్లు ఎందుకు ఫోన్ చేస్తారు? నెలకు ఒకరోజైనా కడపలో, రాయచోటిలో కూర్చుని, భార్యాపిల్లల్ని తీసుకుపోవాలనుకునే వాళ్ల కాంట్రాక్టు కాగితం చదివి చెప్పే మనిషిని పెట్టమని ఆ సొసైటీ వాళ్లను కోరుతున్నాను. ఏ దేశానికి ఎంత జీతం కావాలో మీ పేపర్లో కూడా వేయండి, దయచేసి.

మా ఆయన కాంట్రాక్టు మార్చమని కంపెనీకి అర్జీ పెట్టి మూడు నెలలైంది. ఇంకా జవాబు రాలేదు.

– ఒక గృహిణి, ఎర్రముక్కపల్లి, కడప