ఏ-లెవెల్ స్పానిష్ మెట్లలో ఒకటి తగ్గింది: ఇంగ్లండ్ విద్యామంత్రి గారికి బహిరంగ లేఖ

విద్యామంత్రి గారికి,

నమస్కారం. ఇంగ్లండ్ సిక్స్త్ ఫారాల్లో, అంటే పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల తరగతుల్లో, స్పానిష్ చెబుతున్న తెలుగు ఉపాధ్యాయులం ఈ లేఖ రాస్తున్నాం. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి అందుతుంది. తెలుగులోనూ రాయడానికి కారణం ఉంది. పద్దెనిమిదేళ్లకు రాసే ఏ-లెవెల్ పరీక్షలకు పదహారేళ్లప్పుడు ఏ మూడు సబ్జెక్టులు తీసుకోవాలన్నది మన ఇళ్లలో పిల్లలు ఒంటరిగా తేల్చుకోరు. మ్యాథ్స్, కెమిస్ట్రీల పక్కన మూడోది స్పానిష్ అంటే అమ్మానాన్నలకు గుబులు. ఆ గుబుల్లో కొంత నిజం లేకపోలేదు, అది మీరు తీర్చగలిగిందే.

2019లో ఏ-లెవెల్ స్పానిష్ రాసినవారి సంఖ్య ఫ్రెంచిని దాటింది. ఆ లెక్క చూసి స్పానిష్‌కు ఢోకా లేదనుకోకండి. పదహారేళ్లకు రాసే పరీక్ష జీసీఎస్ఈ. 2024 సెప్టెంబరులో మొదలైన దాని కొత్త రూపంలో హయ్యర్ టియర్ (పై స్థాయి పేపరు) పిల్లలు నేర్వాల్సిన పదాలు 1,700 అని జాబితా గీసి ఇచ్చారు. ఏం చదవాలో తెలుస్తుంది కాబట్టి అది మంచిదే. దానిపైనున్న ఏ-లెవెల్ మాత్రం 2016 నాటిది. అక్కడ జాబితా ఉండదు. వలసలు, రాచరికం, నియంతృత్వం, ప్రాంతీయ అస్తిత్వం మీద వార్తాపత్రికల భాషలో వ్యాసాలు చదివి, చర్చించి, రాయాలి. కింద మెట్టు మార్చి, పై మెట్టును ఉన్నచోటే వదిలేశారు. ఏ-లెవెల్ మొదటి ఏడాది, ఇయర్ 12లో, సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా ఉన్న ఆ పన్నెండు పధ్నాలుగు వారాల్లోనే పిల్లలు జారిపోతారు. తెలివి చాలక కాదు. పేజీకి నలభై తెలియని పదాలుంటే ఎవరికైనా విసుగు వస్తుంది.

మార్కులు ఎక్కడున్నాయో ఏక్యూఏ బోర్డు పరీక్షలో చూద్దాం. వినడం, చదవడం, రాయడం కలిపిన మొదటి పేపరు రెండున్నర గంటలు, 50 శాతం. రెండోది రెండు గంటలు, 20 శాతం. అందులో ఒక పుస్తకం, ఒక సినిమా మీద, లేదా రెండు పుస్తకాల మీద, సుమారు మూడు వందల పదాల చొప్పున రెండు వ్యాసాలు. ఒక్కోదానికి 40 మార్కులు, సగం భాషకు, సగం విశ్లేషణకు. కథ తిరగచెప్పిన పిల్లలు ఆ రెండో సగం పోగొట్టుకుంటారు. స్పానిష్ రచయిత లోర్కా నాటకంలో చేతికర్ర ఎవరి చేతిలో ఉందో చెబితే చాలదు, ఆ కర్ర అక్కడెందుకుందో చెప్పాలి.

ఇక మౌఖికం. ఐదు నిమిషాల తయారీతో కలిపి 21 నుంచి 23 నిమిషాలు. దాని వాటా 30 శాతం! అందులో విద్యార్థి సొంతంగా పరిశోధించిన అంశం మీద రెండు నిమిషాల ప్రసంగం, ఆపైన తొమ్మిది పది నిమిషాల చర్చ ఉంటాయి. 'బార్సిలోనా ఫుట్‌బాల్' అని అంశం పెట్టుకుంటే నాలుగో నిమిషానికి సరుకు అయిపోతుంది. 'ఫ్రాంకో అవశేషాలను 2019లో సమాధి నుంచి తరలించడం స్పెయిన్‌ను కలిపిందా, చీల్చిందా?' అంటే వాదించడానికి చోటుంటుంది. అయితే వాదించే అలవాటు ఎక్కడొస్తుంది? పన్నెండు మంది ఉన్న క్లాసులో, గంటసేపు టీచరు నోరు మెదపకపోయినా, తలా ఐదు నిమిషాలే దక్కుతాయి.

అందుకే పిల్లలతో విడిగా స్పానిష్‌లో మాట్లాడించే లాంగ్వేజ్ అసిస్టెంటు కావాలి. బ్రెగ్జిట్ తర్వాత స్పెయిన్ నుంచి వచ్చే అసిస్టెంటుకు వీసా తప్పనిసరైంది, ఖర్చూ పెరిగింది. మ్యాథ్స్ తీసుకునే ఒక్కో అదనపు విద్యార్థికి 600 పౌండ్లు ఇస్తామని 2017 బడ్జెట్‌లో ప్రభుత్వం ప్రకటించింది. అదే లెక్క భాషలకూ వేయండి. ఎనిమిది మంది విద్యార్థులకు 4,800 పౌండ్లు. ఒక్కొక్కరికి వారానికి అరగంట చొప్పున ముప్పై వారాలకు 120 గంటలు. అంటే గంటకు 40 పౌండ్లు. జీతం, వీసా ఖర్చు అందులో సర్దుకోవచ్చు.

మరొకటి ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు. ఈ చదువంతా పిల్లవాడి తలలో ఇంగ్లీషు ఒక్కటే ఉందన్న నమ్మకం మీద నడుస్తోంది. 'మే గుస్తా'ను ఇంగ్లీషు మీదుగా నేర్పడానికి వారం పడుతుంది. తెలుగు పిల్లవాడికి అది 'నాకు ఇష్టం' అంతే. 'పుస్తకం చూశాను' అంటాం కానీ 'అక్క చూశాను' అనం, 'అక్కను' అంటాం. స్పానిష్‌లోనూ మనిషి ముందు 'ఆ' చేరుతుంది, పుస్తకం ముందు చేరదు. నువ్వు, మీరు తేడా ఉంది. క్రియలోనే కర్త ఉంటాడు. గాలి చిమ్మని ప, త, క మన నాలుక మీద పుట్టుకతోనే ఉన్నాయి. కర, కర్ర విడిగా పలికే నోటికి 'పెరో' (కానీ), 'పెర్రో' (కుక్క) కష్టం కాదు.

అదే తెలుగు కొన్నిచోట్ల కాళ్లకు అడ్డం పడుతుంది. ఎర్ర బల్లయినా ఎర్ర పుస్తకమైనా మన 'ఎర్ర' మారదు. అందుకే విశేషణాన్ని నామవాచకపు లింగానికి తగ్గట్టు మార్చడం మరచిపోతారు. ఇష్టమైనవి పది ఉన్నా 'ఇష్టం' మారదు కాబట్టి 'గుస్తాన్' అనాల్సినచోట 'గుస్తా' అనేస్తారు. ఊనిక విషయం మరీ ప్రమాదం. 'ఆబ్లో' మొదట్లో ఊనితే 'మాట్లాడతాను', చివర్లో ఊనితే 'మాట్లాడాడు'. రాతలో ఒక్క గుర్తు తేడా, వినికిడి ప్రశ్నలో ఒక మార్కు తేడా.

ఇవన్నీ ఉపాధ్యాయ శిక్షణలో రెండు గంటల పాఠం. పంజాబీకి, ఉర్దూకు, బెంగాలీకి ఇలాంటివే వేరుగా రాసుకోవచ్చు. తెలుగుకు ఇక్కడ జీసీఎస్ఈ లేదు, ఏ-లెవెల్ లేదు. కనీసం మరో భాష నేర్చుకోవడానికైనా అక్కరకు రానివ్వండి.

స్పెయిన్‌లో పుట్టిపెరిగిన పిల్లలు అదే పరీక్ష రాయడం వల్ల మిగతావారికి పై గ్రేడు కష్టమవుతోందని పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ ఒప్పుకుని 2017లో గ్రేడు ప్రమాణాన్ని కొద్దిగా సర్దింది. కానీ నేర్చుకునేవాడికి కావలసింది ముందు దారి, ఆ తర్వాతే సర్దుబాటు.

కాబట్టి మొదట మెట్టు కట్టండి. 1,700 పదాల తర్వాత వచ్చే ఐదారు వందల పదాలను ఏ-లెవెల్ అంశాల వారీగా జాబితా చేయించండి. కోరిక, సందేహం లాంటివి చెప్పే క్రియారూపమైన సబ్జంక్టివ్ నాలుగు రూపాలూ ఏ వరుసలో చెప్పాలో, ఏవి క్రిస్మస్‌కు ముందు, ఏవి తర్వాతో బోర్డుల చేత రాయించండి. కొత్త జీసీఎస్ఈ తొలి బ్యాచ్‌కు పరీక్షలు 2026 వేసవిలోనే. ఆ పిల్లలు ఏ-లెవెల్ మొదలుపెట్టేది ఆ సెప్టెంబరులోనే.

భవదీయులు,
ఇంగ్లండ్‌లో స్పానిష్ బోధిస్తున్న తెలుగు ఉపాధ్యాయులు