పింగాణీ కార్ఖానాలో రంగుల గది ఒక్కటే చూసి రావద్దు

సంపాదక మహాశయా,

జపాన్‌లోని అరితా పింగాణీ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన యాత్రా వ్యాసం బాగుంది. భీమవరం, అమలాపురం, రాజోలు వైపు నుంచి స్నేహితుల దగ్గరికో పిల్లల దగ్గరికో విదేశాలు వెళ్లేవాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు, వాళ్లకు పనికొచ్చే వ్యాసమే. అయితే గోదావరి ఒండ్రుతో మన కుమ్మరులు కూడా ఈ సామాను చేయగలరన్న మాట సరికాదు. పైగా వ్యాసమంతా రంగులు దిద్దే గది చుట్టూనే తిరిగింది. సిరామిక్ పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ రెండింటి గురించీ రాస్తున్నాం.

ముందు మట్టి సంగతి. అరితా పింగాణీ రాతిలోంచి పుడుతుంది. కొరియా నుంచి వచ్చిన కుమ్మరి యీ సామ్‌ప్యోంగ్ 1616లో ఇజుమియామా కొండలో ఆ తెల్లరాయిని గుర్తించాడని చెబుతారు. ఇప్పుడు ఎక్కువగా వాడేది అమకుసా దీవుల రాయి. దాన్ని పొడిగొట్టి నీళ్లలో కలిపితే బరువైన ఇసుక అడుక్కి దిగుతుంది. పైన తేలిన మెత్తటిదాన్ని తీసి, నీరు పిండి, ముద్ద చేస్తారు. 1710లో మొదలైన జర్మనీ మైసెన్ కార్ఖానా దారి వేరు, వాళ్లది కయోలిన్ అనే తెల్లమట్టికి ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ అనే రాళ్ల పొడి కలిపే పద్ధతి. గట్టి పింగాణీకి పుస్తకాల్లో ఉండే లెక్క సగం కయోలిన్, మిగతా రెండూ చెరో పావు. ఏ దారిలో వెళ్లినా ఇనుము మాత్రం దాదాపు ఉండకూడదు. మన ఒండ్రులో ఇనుము దండిగా ఉంది, అందుకే మన ఇటుక ఎర్రగా కాలుతుంది. 1100 డిగ్రీలు దాటితే ఆ మట్టి ఉబ్బి, మెత్తబడి కూలిపోతుంది. పింగాణీకి 1300 దాకా వెళ్లాలి. కుమ్మరి చేతిలో ఎంత పనితనమున్నా ఈ తేడాను పూడ్చలేదు.

ఇక కార్ఖానా చూడటం. పనిరోజు చూసుకుని, వెళ్లేముందు ఆ ఊళ్లోని స్నేహితుల చేత ఫోన్ చేయించండి. సెలవు రోజున దుకాణం తెరిచి ఉన్నా లోపల సారె తిరగదు. ఏటా ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా అరితాలో జరిగే పింగాణీ సంత కొనుక్కోవడానికి మంచిదే, పని చూడటానికి కాదు. ఆరబెట్టిన పచ్చి పాత్రను మాత్రం ముట్టుకోకండి. అంచు పట్టుకుని ఎత్తితే బిస్కెట్ ముక్కలా చేతికొస్తుంది.

అచ్చు పోత దగ్గర ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. జారుడుగా కలిపిన మట్టిని ప్లాస్టర్ అచ్చులో పోస్తారు, ప్లాస్టర్ నీరు పీల్చుకుని గోడ కడుతుంది, తగినంత మందం రాగానే మిగిలింది వంచేస్తారు. నీళ్లు ఎక్కువ పోయకుండానే మట్టి జారడానికి సోడియం సిలికేట్ కలుపుతారు, అది నూటికి అర పాలు కూడా ఉండదు. అది కాస్త ఎక్కువైనా తక్కువైనా మట్టి చిక్కబడి అచ్చులోంచి దిగదు.

అక్కణ్ణుంచి సుమారు 900 డిగ్రీల దగ్గర మొదటి కాల్పు. రంగుల గది ఆ తర్వాతే. అక్కడ అందరూ సన్నగీతలు గీసేవాళ్ల దగ్గర ఫొటోలు తీసుకుంటారు, చూడాల్సింది మాత్రం ఆ గీతల లోపల రంగు నింపేవాళ్లని. లావుపాటి కుంచె నిండా, కాలాక నీలం రంగునిచ్చే కోబాల్ట్ కలిపిన పల్చటి నీరు ఉంటుంది. పళ్లాన్ని వాల్చి పట్టుకుని, కుంచెను వేళ్లతో మెల్లగా నొక్కుతూ, ఆ నీటి చుక్కను గీతల మధ్య నడిపిస్తారు. కుంచె కొన పాత్రకు తగిలీ తగలనట్టు ఉంటుంది. మిగిలిన నీటిని మళ్లీ కుంచెతోనే వెనక్కి పీల్చేస్తారు. సగం కాలిన పాత్ర నీటిని వెంటనే లాగేసుకుంటుంది కాబట్టి చెయ్యి ఒక్క క్షణం ఆగినా అక్కడ ముదురు మచ్చ పడిపోతుంది, దాన్ని తుడవడం కుదరదు. అప్పటికి ఆ రంగు నీలం కూడా కాదు, మురికి బూడిదరంగు. గ్లేజ్‌లో, అంటే కాలాక గాజులా మెరిసే పూతలో, ఒకటి రెండు సెకన్లు ముంచి తీశాక బొమ్మంతా తెల్లపూత కింద మాయమవుతుంది. పూత పల్చనైతే కాలాక నీలం నల్లబారుతుంది, మందమైతే గీతలు అలుక్కుపోతాయి. పూతకు ముందు ఎవరైనా జిడ్డు వేలు పెట్టి ఉంటే సరిగ్గా అక్కడే గ్లేజ్ పక్కకు తొలగి మట్టి బయటపడుతుంది.

పాత్రలను బట్టీలో ఎలా పేరుస్తారో చూపించమని అడగండి. ప్రతి పాత్ర కిందా అదే మట్టితో చేసిన బిళ్ల ఒకటి ఉంటుంది, అక్కడివాళ్లు హామా అంటారు. పచ్చిగా ఉన్నప్పటి కొలతలో దాదాపు ఏడో వంతు కాలేసరికి తగ్గిపోతుంది. కింద ఉన్న పలక తగ్గదు కాబట్టి నేరుగా దానిమీద పెడితే పాత్ర అడుగు ఈడ్చుకుని వంకరపోతుంది. బిళ్ల పాత్రతో పాటే కుంచించుకుంటుంది. ఒక కాల్పుతో దాని పని సరి. పాత పెద్ద పళ్లాల వెనక చిన్న చుక్కల మచ్చలు కనిపిస్తే దోషమనుకోవద్దు, నడుము కుంగకుండా పెట్టిన ఆధారాల గుర్తులవి.

సుమారు 950 డిగ్రీల నుంచి గాలి తగ్గించి పొగమంట నడుపుతారు. మట్టిలో మిగిలిన కొద్దిపాటి ఇనుము ఆ మంటలో నీలిఛాయ తెలుపునిస్తుంది. గాలి ఎక్కువైతే అదే ఇనుము పసుపుఛాయ తెస్తుంది. పొగ మరీ ముందే మొదలైతే మసి గ్లేజ్ కింద చిక్కుకుని పాత్ర బూడిదబారుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, బంగారం వేసే పాత్రలకు ఆ తర్వాత 800 దరిదాపుల్లో మరో కాల్పు ఉంటుంది.

కొనేటప్పుడు బొమ్మ కన్నా ముందు అడుగు చూడండి. గాజుబల్ల మీద పెట్టి వేలితో నొక్కితే కదలకూడదు. అడుగు అంచు గరుకుగా ఉంటే మీ బల్ల గీసుకుపోతుంది. గోటితో తడితే ఖంగున మోగాలి, మొద్దుగా మోగితే ఎక్కడో వెంట్రుకవాసి బీట ఉన్నట్టే. బంగారు గీత ఉన్నవి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. పళ్లాలను పెట్టెలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, మధ్యలో బట్ట పెట్టి అంచుల మీద నిలబెట్టండి.

మన దగ్గర ఏమీ సాధ్యం కాదని మా ఉద్దేశం కాదు. ద్వారకా తిరుమల పరిసరాల్లో బాల్ క్లే అనే మెత్తటి బంకమట్టి దొరుకుతుంది, గూడూరు వైపు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఉన్నాయి. బాల్ క్లే బాగా సాగుతుంది గానీ కాలాక మీగడరంగు తిరుగుతుంది, కాబట్టి దాన్ని నమ్ముకుని తెల్ల పింగాణీకి దిగితే నష్టమే. 1200 నుంచి 1250 డిగ్రీల మధ్య కాలే స్టోన్‌వేర్ అనే గట్టి జాడీల రకం సామానుకు మాత్రం అది చక్కగా సరిపోతుంది. ప్రతి వేసవిలో మన ఇళ్లు వెతుక్కునే ఆవకాయ జాడీ అదే జాతి. ఎవరైనా ఆ పని మొదలుపెడితే అచ్చులు ఆరబెట్టే గది ముందు కట్టుకోవాలి. శ్రావణ, భాద్రపదాల్లో మన గాలికి ప్లాస్టర్ ఆరదు, తడి అచ్చు మట్టిని వదలదు. అలాగని 50 డిగ్రీలు మించి వేడి పెడితే ప్లాస్టర్ పొడిపొడిగా రాలుతుంది, ఆ రవ్వలు మట్టిలో పడ్డ చోటల్లా కాల్పులో జాడీ పెచ్చు ఊడుతుంది.

ఇట్లు,
సిరామిక్ పనిలో ఉన్న పాఠకులు,
రావులపాలెం, కోనసీమ జిల్లా