సముద్రపు గాలి పాఠం ఇంకెన్నాళ్లు?

సంపాదకుల వారికి,

గత వారం బెంగళూరు ఎడిషన్‌లో నైరుతి రుతుపవనాల రాక మీద మీరు వేసిన కథనం చూశాక ఊరుకోలేక రాస్తున్నాను. అర పేజీ బొమ్మ వేసి, ఎండకు నేల వేడెక్కుతుంది, సముద్రం చల్లగా ఉంటుంది, అందుకే గాలి తేమ మోసుకుని ఇటు వస్తుంది అని తేల్చేశారు. 1686లో ఇంగ్లండు శాస్త్రవేత్త ఎడ్మండ్ హాలీ చెప్పిన మాట అది. మా చిన్నప్పటి పుస్తకంలో అదే ఉంది, ఇప్పుడు మా మనవరాలి పుస్తకంలోనూ అదే.

నేల మండిపోయేది మేలో. వానలు ముమ్మరంగా పడేది జులైలో, అప్పటికి నేల చల్లబడే ఉంటుంది. కరువు వచ్చిన ఏడు నేల ఇంకా కాలుతుంది. వేడి ఒక్కటే వానను లాక్కొచ్చేదైతే ఆ ఏడే కుండపోత కురవాలి కదా!

దీనికి సమాధానం వెతికిన రుతుపవనాల శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్ ఇదే ఊళ్లో, మల్లేశ్వరం పక్కనున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పనిచేశారు. భూమధ్యరేఖ దగ్గర రెండు వైపుల గాలులూ కలిసి పైకి లేచే చోట మేఘాల పట్టీ ఏర్పడుతుంది. వేసవిలో అది ఉత్తరానికి జరిగి మన నేల మీదికి వస్తుంది. అది నీరసించినప్పుడు సముద్రం మీద కొత్త పట్టీ పుట్టి పైకి కదిలి వస్తుంది. ఆవిడా, మరో వాతావరణ శాస్త్రవేత్త డి.ఆర్. సిక్కా గారూ ఉపగ్రహ చిత్రాలు పరిశీలించి ఈ సంగతి 1980లోనే రాశారు. 1997లో అంత పెద్ద ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి తరచూ మన వానల్ని దెబ్బతీసేది) వచ్చినా వానలు మామూలుగానే ఎందుకు పడ్డాయి, 2002 జులైలో సగానికి సగం ఎందుకు ఎగ్గొట్టాయి అన్నదానికీ హిందూ మహాసముద్రం మీది మేఘాల్లో కారణం వెతికారు. మీ అర పేజీలో ఆవిడ పేరు ఒక్కచోట కూడా లేదు. 2025లో ఆవిడ కన్నుమూశారు. ఇప్పుడైనా తలుచుకోకపోతే ఎలా?

నాకింత బాధ ఎందుకంటే, మాకు కళ్యాణదుర్గం దగ్గర ఇప్పటికీ వర్షాధారపు వేరుశనగ చేను ఉంది. పదును చూసి విత్తనం వేస్తాం. తీరా పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే ఊడలు దిగే వేళకు బెట్ట పట్టిందంటే గట్టిపడిన నేలలోకి ఊడ దిగదు, చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయ ఉండదు. పావగడ, అనంతపురం వేరుశనగ రైతుల అనుభవాన్ని దగ్గర పెట్టుకుని, ఎప్పుడు విత్తితే నష్టం తగ్గుతుందో లెక్క కట్టింది కూడా ఆ గాడ్గిల్ గారి బృందమే. తీవ్రమైన కరువు ఏడాది దేశాదాయంలో 2 నుంచి 5 శాతం దాకా పోతుందని 2006లో చెప్పిందీ ఆవిడే. రైతుకు ఇంత పనికొచ్చే మనిషి గురించి తెలుగు పేపర్లో నాలుగు ముక్కలు రాకపోతే ఇంకెక్కడ వస్తాయి?

ఇక మన అధికారుల సంగతి. రోడ్డు మునిగిన ప్రతిసారీ మైకు ముందుకొచ్చి 'వాతావరణ మార్పు, మేమేం చేయగలం' అంటున్నారు. మధ్య భారతంలో 1951 నుంచి 2000 వరకు మొత్తం వాన పెద్దగా మారకపోయినా భారీ వానలు పెరిగాయని, ఓ మోస్తరు వానలు తగ్గాయని వాతావరణ శాస్త్రవేత్త బి.ఎన్. గోస్వామి గారి బృందం 2006లోనే ప్రచురించింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదని సైన్సు ఎప్పటి నుంచో చెబుతోంది. తెలిసి తెలిసీ వాననీరు పోయే రాజకాలువల మీద కట్టడాలకు అనుమతులు ఎలా ఇచ్చారు? 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు దగ్గర జనం ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. అప్పుడు చేసిన హడావుడి తర్వాత మా వీధి చివరి కాలువలో పూడిక తీసి గట్టు మీదే పోశారు, మళ్లీ వానకు అదంతా కాలువలోకే జారింది. వానాకాలం వచ్చిందంటే టెన్షన్, ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం క్యూ.

అదే అర పేజీలో, అదే సైజు బొమ్మతో, మేఘాల పట్టీ ఎలా కదులుతుందో వేయండి. గాడ్గిల్ గారు పనిచేసిన సంస్థకు విలేకరిని పంపి అక్కడి వాళ్ల చేతే చెప్పించండి. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లను కూడా ఈ మాట అడగండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మారతహళ్లి, బెంగళూరు