రెండో ఇంజిన్ దుబారా కాదని గేటు దగ్గర రాయించండి

గౌరవనీయులైన గుంటూరు డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి,

నమస్కారం. గుంటూరులో మా ఇల్లు రైల్వే గేటుకు రెండు వీధుల అవతల. పిల్లల్ని బడిలో దించాలంటే రోజూ ఆ గేటు దాటాలి. మొన్న గేటు పడి అందరం ఆగాం. పది పన్నెండు వ్యాగన్ల గూడ్సు ఒకటి వెళ్లింది, ముందు రెండు ఇంజిన్లు. "ఈ మాత్రం దానికి రెండా? మన డబ్బేగా తగలేసేది" అన్నాడు పక్కనున్న ఆటో ఆయన. చుట్టూ ఉన్నవాళ్లు నిజమేనన్నారు. నా మనసు చివుక్కుమంది. మా నాన్న ముప్పై ఏళ్లు గూడ్సు బండ్లు నడిపారు.

నాన్న చెప్పింది ఇదీ. నిండు బొగ్గు రేకు, అంటే బొగ్గు నింపిన వ్యాగన్ల బండి మొత్తం, సుమారు ఐదు వేల టన్నులు తూగుతుంది. దాన్ని లాగిన ఇంజిన్లు సరుకు దిగిన చోటే ఉండిపోతే అవతల లోడింగ్ ఆగిపోతుంది. వాటిని వెనక్కి పంపాలి. లైట్ ఇంజిన్‌గా, అంటే వ్యాగన్లేవీ లేకుండా విడిగా పంపితే దానికో లోకో పైలట్, ఒక అసిస్టెంట్ కావాలి. లైనులో దానికీ దారి ఇవ్వాలి. ప్రతి గేటూ ఇంకోసారి పడుతుంది! అటే వెళ్తున్న చిన్న గూడ్సుకు తగిలిస్తే ఇవన్నీ తప్పుతాయి. ఒకే రకం ఇంజిన్లయితే కేబుల్ కలిపి ముందు క్యాబ్ నుంచే రెండింటినీ నడపొచ్చు. ఇక షెడ్డుకు మరమ్మతుకు పోయే డెడ్ ఇంజినైతే అసలు లాగదు. "దాన్ని ఇంకో వ్యాగన్ అనుకోమ్మా" అనేవారు నాన్న.

నంద్యాల లైనులో నల్లమల ఎక్కేటప్పుడు సంగతి వేరు. వానకు పట్టాలు తడిస్తే చక్రాలు జారతాయి. ఇంజిన్‌లో ఎంత బలం ఉన్నా, పట్టాల మీద పట్టు లేకపోతే బండి కదలదు. అక్కడ రెండో ఇంజిన్ ఇచ్చే ఇంకో ఆరు ఇరుసుల పట్టు డ్రైవర్‌కు కొండంత ధైర్యం.

గేటు దగ్గర నిలబడే జనానికి ఇవేవీ ఎవరూ చెప్పరు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రతి గేటు పక్కనా తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక బోర్డు పెట్టించండి. ఏడాదికోసారి బడి పిల్లల్ని విజయవాడ ఎలక్ట్రిక్ లోకో షెడ్డుకు తీసుకెళ్లి చూపించండి. బోర్డు మీది మాటలు కావాలంటే నేనే రాసిస్తాను, నాన్న చెప్పినవి చెప్పినట్టు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లోకో పైలట్ కూతురు,
గుంటూరు