మట్టితో పాటు బోరు నీటినీ పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

రైతుకు ఇచ్చే భూసార పరీక్ష పత్రంలో నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని ఉదజని సూచిక (pH), లవణ సూచిక (కరిగిన లవణాల మోతాదును తెలిపే EC కొలత) వరకు 12 అంశాల ఫలితాలుంటాయి. ఆ నేలకు పారే బోరు నీటి గురించి మాత్రం అందులో ఒక్క గడి కూడా లేదు. వందల అడుగుల లోతు నుంచి తోడిన నీటి మీదే తోటలు బతుకుతున్న చిత్తూరు జిల్లాలో ఇది చిన్న లోటు కాదు.

లవణ సూచిక 1 (dS/m) ఉన్న నీటిలో లీటరుకు సుమారు 0.64 గ్రాముల లవణాలుంటాయి. అటువంటి నీటిని ఎకరానికి ఏడాదిలో 16 లక్షల లీటర్లు పారిస్తే నేలలో చేరే లవణం దాదాపు ఒక టన్ను. మొక్క నీటిని పీల్చుకుని లవణంలో అధిక భాగాన్ని వేరు బయటే వదిలేస్తుంది. ఎండకు ఆవిరయ్యేదీ నీరే. గట్టి వానలు పడితే ఆ లవణం కిందికి దిగిపోతుంది గాని, ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసిన ఏడాదిలో వేళ్ల చుట్టే పేరుకుపోతుంది.

అప్పుడు మట్టిలో తడి ఉన్నా వేరు దాన్ని లాక్కోలేదు. ఆకులు పత్రరంధ్రాలు మూసుకుంటాయి, ఎదుగుదల మందగిస్తుంది. మామిడి మొక్క పాదులో వేలు పెట్టి చూస్తే చెమ్మ తగులుతుంది, ముదురాకుల కొనలు మాత్రం మాడి ఉంటాయి. నీరు చాలలేదనుకుని రైతు మోటారు మరో గంట వేస్తాడు, తెగులనుకుని మందు కొడతాడు. అలా కొంచెం కొంచెంగా పెంచిన నీరు లవణాన్ని వేళ్ల కిందికి దించేంత ఉండదు, కొత్త లవణాన్ని మాత్రం తెచ్చిపెడుతుంది. నీటితో పూర్తిగా తడిపిన మట్టి నుంచి తీసిన ద్రావణంలో లవణ సూచిక చెరకుకు 1.7, టమాటాకు 2.5, వేరుశనగకు 3.2 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. వేరుశనగలో ఆ పైన ఒక్కో యూనిట్‌కు తగ్గుదల సుమారు 29 శాతం.

బిందు సేద్యం నీటిని ఆదా చేస్తుందనడంలో సందేహం లేదు. అయితే ఉప్పు నీటితో వాడినచోట తడి అంచున తెల్లటి వలయం కట్టి ఉండడం ఎవరైనా చూడవచ్చు. చిరుజల్లు పడగానే ఆ లవణం కరిగి వేళ్ల వైపు జరుగుతుంది కనుక ఆ పూట డ్రిప్ ఆపకుండా నడపాలి. వాన వచ్చిందని మనవాళ్లు మొదట చేసే పని మోటారు కట్టేయడమే! చౌడు నేలలకు వేసే జిప్సం సంగతీ ఇంతే. అది సోడియం ఎక్కువైన కారు చౌడుకు మందు. లవణాలు పేరుకున్న పాల చౌడుకు కావలసింది మంచి నీటితో కడగడం, ఆ నీరు బయటికి పోయే మురుగు కాలువ. ఏ చౌడో తేల్చకుండా బస్తాలు చల్లితే డబ్బు దండగ.

కాబట్టి డ్రిప్ రాయితీ మంజూరు చేసే ముందే ప్రతి బోరు నీటిలో లవణ సూచిక, సోడియం, క్లోరైడు, బైకార్బొనేట్లు పరీక్షించి, ఏ పంటకు ఆ నీరు పనికొస్తుందో రైతు సేవా కేంద్రంలో తెలుగులో రాసివ్వాలని వ్యవసాయ, ఉద్యాన శాఖల అధికారులను కోరుతున్నాను. తిరుపతిలో వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి గనుక వారి సలహా తీసుకోవడం కష్టం కాదు. నమూనాను మోటారు అరగంట నడిచిన తర్వాతే పట్టాలి. నీటిమట్టం బాగా పడిపోయే మే నెలలో ఒకసారి, వానలు వెనుదిరిగాక మరోసారి తీస్తేనే ఆ బోరు సంగతి తెలుస్తుంది.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
బంగారుపాళెం, చిత్తూరు జిల్లా.